గాలి తగ్గించే మరమనిషి: బొమ్మలు వేద్దాం, 4వ పాఠం

పోయిన పాఠంలో డబ్బా, గొట్టం, గిన్నె, ఈ మూడూ పెన్సిల్‌తో వేసి, వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసి నీడలు దిద్దాం. వాటినే కలిపి ఒక మరమనిషిని వేసి ఉంచమన్నాను కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. తల చదరంగా ఉందా? కళ్ల చోట రెండు బల్బులు, నెత్తిన ఒక యాంటెన్నా, ఛాతీ నిండా బటన్లు? దాదాపు అందరూ మొదట వేసేది అదే, నేనూ అదే వేశాను. తప్పేం లేదు గానీ అది ఇంకా మీ బొమ్మ కాలేదు, టీవీలోనో బొమ్మల కొట్లోనో చూసింది చేతిలోకి వచ్చేసిందంతే. దాన్ని మీదిగా ఎలా చేసుకోవాలన్నదే ఈ పాఠం. గీతలు కొంచెం ఆలస్యంగా మొదలవుతాయి, ఓపిక పట్టండి.

ముందు నా మరమనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెప్తాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మేం పెదవాల్తేరులో ఒక ఇంటి పైవాటాలో ఉండేవాళ్లం, తమ్ముడికి ఏడేళ్లు. కరెంటు ఎప్పుడో పోయింది, కిటికీ రెక్కలకి తాళ్లు కట్టినా కొట్టుకుంటూనే ఉన్నాయి, గాలి చప్పుడు ఎలా ఉందంటే లారీ ఇంజిను తెచ్చి మా గోడకి ఆనించి రేజ్ చేస్తున్నట్టు. అమ్మ వాణ్ని మంచం కిందకి దూరమంటే దూరలేదు. కుర్చీ లాక్కుని ఎక్కి, గోడకున్న ఫ్యాన్ రెగ్యులేటర్ పట్టుకుని ఐదు నుంచి నాలుగు, మూడు, రెండు, ఒకటి దాకా తిప్పడం, మళ్లీ ఐదుకి తెచ్చి మళ్లీ తగ్గించడం. నల్లటి పాతకాలం గుండీ, తిప్పినప్పుడల్లా టక్ మంటుంది. ఏం చేస్తున్నావురా అంటే "గాలి తగ్గిస్తున్నానక్కా" అన్నాడు. చెయ్యి గుండీ మీదుంది, కళ్లు మాత్రం కిటికీ వైపే ఉన్నాయి.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి ఉండని చోటు, ఊరి మీద నుంచి పోతోందని పెద్దవాళ్లకి తెలుసు, వాడికి తెలీదు కదా, నేనే ఆపేశానని ఇల్లంతా గెంతాడు. కాసేపటికి గాలి అటు పక్క నుంచి తిరగబడింది, మొదటిదానికంటే గట్టిగా. వాడు మళ్లీ కుర్చీ ఎక్కి తిప్పుతూ తిప్పుతూ ఏడ్చేశాడు, "ఒకటి కంటే కిందకి పోవట్లేదక్కా" అని.

తెల్లారి మేడెక్కితే నీళ్ల ట్యాంకు లేదు. కింద పెట్టుకునే ఇనప స్టాండు ఒక్కటే నిలబడి ఉంది. ట్యాంకు రెండు వీధుల అవతల, పడిపోయిన బాదం చెట్టుకి ఆనుకుని ఒరిగి ఉంది. దూరంగా కైలాసగిరి మీద పచ్చగా ఒక్క ఆకు లేదు, కొండంతా కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉంది.

బొమ్మ వేయడానికి నాకు తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ట్యాంకు ఒళ్లు, ట్యాంకు మూత టోపీ, స్టాండు కాళ్లు, ఛాతీ మీద ఫ్యాన్ రెగ్యులేటర్. మేడ మీద నిలబడి, సముద్రం వైపు చూస్తూ, తన గుండీ తానే తిప్పుకుంటున్నాడు. చూసినవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత కొంతమంది "హుద్‌హుదా?" అని మెల్లగా అడుగుతారు.

ఇప్పుడు అసలు విషయం. రోబో అన్న మాట పుట్టింది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలో, అయితే ఆ మాట అందించింది ఆయన అన్న యోసెఫ్ చాపెక్. ఈయన చిత్రకారుడు! నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో. చెక్ భాషలో రోబొతా అంటే మన తెలుగులో వెట్టిచాకిరీ అని సరిగ్గా సరిపోతుంది. అంటే మరమనిషి పుట్టుకే ఎవరో చెప్పిన పని చేయడానికి. కానీ మనం వేసేవాడు ఎవరూ చెప్పని పని చేయాలి, తనంతట తానే నెత్తినేసుకున్న పని, వీలైతే తన వల్ల కాని పని. గాలి ఆపడం అలాంటిదే. బొమ్మలో ముద్దొచ్చేతనం అక్కడి నుంచే వస్తుంది, పెద్ద కళ్ల వల్లా బుగ్గల వల్లా కాదు.

పాల్ క్లీ అనే చిత్రకారుడు 1922లో వేసిన ఒక చిన్న బొమ్మ ఉంది, న్యూయార్క్‌లో మోమా అనే మ్యూజియంలో ఉంటుంది. ఒక తీగ మీద నాలుగు పిట్టలు, ఆ తీగ చివర చేత్తో తిప్పే పిడి. అంతే. వీలైతే ఫోన్లో వెతికి చూడండి. ఆ పిడి ఒక్కటి తీసేస్తే అవి మామూలు పిట్టలు. మీ బొమ్మకి కూడా అలాంటి పిడి ఒక్కటి దొరకాలి, నాకు రెగ్యులేటర్ దొరికింది.

అది ఎలా దొరుకుతుంది? భయపడ్డ రాత్రో, ఎవరికోసమైనా ఎదురుచూసిన రోజో, ఒక్కటి గుర్తు తెచ్చుకుని ఐదారు లైన్లు రాయండి. అందులో చేతికి తగిలిన వస్తువులకి మాత్రం సున్నా చుట్టండి. టార్చి, తలుపు గడియ, స్టవ్వు పంపు, స్కూటర్ కిక్కు, ఏదైనా. తర్వాత పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లి అరగంట నిలబడి వాటికి దగ్గరగా ఉన్నవాటిని స్కెచ్ చేయండి. ఇంటర్నెట్లో ఫొటో చూసి వేయకండి, చేత్తో పట్టుకుని చూసిన వస్తువు వేరేగా వస్తుంది.

ఇక గీతలు. నేను ఎక్కువ తప్పులు చేసిన చోటే ఎక్కువసేపు ఆగుదాం, అది రెగ్యులేటర్. మొదటిసారి దాన్ని ట్యాంకు మీద చక్కటి గుండ్రంగా వేశాను, స్టిక్కర్ అంటించినట్టు వచ్చింది. ట్యాంకు గొట్టం ఆకారం కదా, దాని మీద నడిమధ్యలో ఉన్న సున్నా గుండ్రంగానే కనిపిస్తుంది గానీ పక్కకి జరిగేకొద్దీ అడ్డంగా ఇరుకవుతుంది, నిలువు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే దాన్ని కావాలని కొంచెం ఎడమకి జరిపాను, అంకెలు కూడా ఆ పక్కన ఉన్నవి సన్నగా, దగ్గర దగ్గరగా వేశాను. నమ్మకం కుదరకపోతే స్టీలు డబ్బా మీద రూపాయి బిళ్లంత కాగితం ముక్క అంటించి మెల్లగా తిప్పి చూడండి.

చెయ్యి వేయడానికి మూడు వేళ్లు చాలు. మీ ఇంట్లో ఫ్యాన్ గుండీ పట్టుకుని చూడండి, బొటనవేలూ చూపుడువేలూ పని చేస్తుంటే మూడోది ఊరికే కింద ఆనుకుని ఉంటుంది. కణుపుల దగ్గర నేను తలుపు మడతబందులు పెట్టాను. కదులుతున్నట్టు చూపించడానికి చుట్టూ గీతలు గీయకండి. తల అటు, చెయ్యి ఇటు ఉంటే చాలు, మా తమ్ముడు ఆ రోజు ఉన్నట్టు.

రంగుల దగ్గర ఒకటే మాట, ట్యాంకు నలుపుకి నల్ల ట్యూబు వాడొద్దు. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ అంబర్ చిక్కగా కలపండి, మంచి నలుపు వస్తుంది. ఆకాశం వైపు నీలం కొంచెం ఎక్కువ, నేల వైపు అంబర్ ఎక్కువ, అప్పుడు ఆ నలుపుకి ప్రాణం వస్తుంది.

తుప్పు మన ఊళ్లో నేర్చుకోవాల్సిందే. సముద్రం గాలిలో ఉప్పుంటుంది, ఆ ఉప్పు చెమ్మ ఇనుము మీద చేరితే తుప్పు తొందరగా పడుతుంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్ల గ్రిల్స్ చూడండి, తుప్పు అంతటా ఒకేలా ఉండదు. వెల్డింగ్ అతుకు దగ్గర, బోల్టు తల కింద, నీళ్లు నిలిచే మూలల్లో మొదలై కిందకి చారలుగా కారుతుంది. అక్కడక్కడే బర్న్ట్ సియెన్నా పల్చగా పూసి, అది ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో కొంచెం ఆరెంజ్ రాయండి. కాళ్లంతా పూసేస్తే మట్టి కాళ్లలా కనిపిస్తాయి.

బొమ్మ పూర్తయ్యాక తమ్ముడికి చూపించాను. అప్పటికి వాడు నాకంటే పొడుగయ్యాడు. గుండీ ములుకు ఒకటి మీద పెట్టాను, వాడు చాలాసేపు చూసి "రెండు మీద పెట్టక్కా, ఇంకా తిప్పుతున్నాడు కదా" అన్నాడు. ఆ రాత్రే తెల్ల రంగుతో ములుకు చెరిపి రెండు మీదకి మార్చాను.

వచ్చే పాఠంలో వాడి వెనక ఆకాశం వేద్దాం. 300 జీఎస్ఎమ్ కాగితం (అంటే బాగా మందంగా ఉండేది), వెడల్పాటి బ్రష్ ఒకటి, పాత గుడ్డ ముక్క దగ్గర పెట్టుకోండి.