భోషాణంలో వెండి రూపాయలు అమ్మే ముందు

సంక్రాంతికి అందరం కోనసీమ చేరతాం, భోషాణం తెరుస్తాం, పంపకాలు మొదలవుతాయి. ముందే ఇవి చూసుకోండి.

- చింతపండుతో తోమొద్దు. వెండి మీద ఏళ్లుగా పట్టిన నల్లపొర పోతే పాత నాణేలు కొనేవాళ్లు ధర బాగా తగ్గించేస్తారు, పోయిన పాత పొర మళ్లీ అలాగే రాదు. మా పిన్ని ప్రేమగా తళతళలాడించింది, విక్టోరియా రాణి బుగ్గ మీద పీచు గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.
- సంవత్సరం చూడండి: 1939 దాకా వెండి సుమారు 92 శాతం, 1940 నుంచి సగమే. 1947 రూపాయి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది.
- తూకం వేయించండి. కొత్తలో 11.66 గ్రాములు, మరీ తగ్గితే అరుగుదలైనా కావాలి, నకిలీ అయినా కావాలి.
- అంచున టంకం మచ్చ ఉందా? దండకి కొక్కెం అతికించినదైతే దాదాపు వెండి రేటే.
- మూటగా కరిగించడానికి ఇవ్వకండి, ఒక్కొక్కటీ విడిగా చూపించండి.