లక్సెంబర్గ్ లెక్కలు చదవడం ఎలా

తలసరి జీడీపీ చూసి నోరెళ్లబెట్టకండి. ముందు హారం చూడండి: అందులో ఉన్నది దేశంలో నివసించే సుమారు 6.8 లక్షల మందే. లవంలో మాత్రం ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం ఇంటికెళ్లిపోయే 2 లక్షల మందికి పైగా ఉద్యోగుల కష్టం కూడా కలిసిపోతుంది. అందుకే నేనైతే స్థూల జాతీయాదాయాన్నీ (దేశంలో నివసించేవాళ్లకు దక్కే ఆదాయాన్నే లెక్కించే అంకె) పక్కనే పెట్టుకుని చూస్తాను. అది బాగా తక్కువ ఉంటుంది.

తర్వాత జనాభా పట్టిక తీయండి. దాదాపు సగం మంది విదేశీ పౌరులే, వాళ్లలో పోర్చుగీసువాళ్లే ఎక్కువ.

ఒకప్పుడు దక్షిణాన ఎష్ పట్టణం చుట్టుపక్కల ఉక్కు కొలిములు, ఇప్పుడు బ్యాంకులు, పెట్టుబడి ఫండ్లు. ఫండ్ల ఆస్తుల అంకె చూసి అదంతా దేశం సొమ్మనుకునేరు! బయటివాళ్ల డబ్బు అక్కడ నమోదై ఉంటుందంతే.