ఊరిలో ఆడవారిపై హింసను ఆపేందుకు అవగాహన కార్యక్రమం ఎలా నడపాలి?

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్యను భర్త కొట్టడానికి ఏడు కారణాలను చెప్పి, వాటిలో ఏ ఒక్కటైనా సబబేనా అని మహిళలను అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, నడతపై అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం అనేవి ఆ కారణాలు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం మహిళలు ఏదో ఒక కారణానికి కొట్టడం సబబేనన్నారు. అందువల్ల మన ఊళ్లలో ఈ పనిని చట్టం పాఠంతో మొదలుపెడితే అంతగా ఫలితం ఉండదు. దెబ్బకు తగిన కారణం ఉంటుందన్న నమ్మకాన్ని ముందుగా కదిలించాలి. పొదుపు సంఘం గానీ, యువజన సంఘం గానీ, పంచాయతీ గానీ పెద్ద ఖర్చు లేకుండా చేపట్టగల పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము.

1. సభ కంటే ముందు సాయానికి దారి సిద్ధం చేయండి

హింస గురించి బహిరంగంగా మాట్లాడడం మొదలైన వారం రోజులలోనే ఎవరో ఒకరు చాటుగా వచ్చి తన బాధ చెప్పుకుంటారు. ఆమెను ఎక్కడికి పంపాలో తెలియని స్థితిలో కార్యక్రమం ప్రారంభించడం బాధ్యత అనిపించుకోదు. మహిళల సహాయవాణి 181, అత్యవసర సేవ 112, పిల్లల కోసం 1098 నంబర్లు పనిచేస్తున్నాయో లేదో మీరే ఫోన్ చేసి చూసుకోండి. జిల్లాలోని సఖి కేంద్రానికి ఒకసారి వెళ్లి, అక్కడ వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఎలా అందుతున్నాయో కనుక్కోండి. గృహహింస చట్టం కింద నియమితులైన రక్షణ అధికారి ఎవరో, ఏ కార్యాలయంలో ఉంటారో తెలుసుకోండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నందున, మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వివరాలు కూడా దగ్గర ఉంచుకోవాలి.

2. చిన్న బృందాన్ని ఏర్పాటు చేసుకోండి

అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, గ్రామ సంఘం సహాయకురాలు, బడిలో ఒక ఉపాధ్యాయుడు, ఊరిలో మాట చెల్లే ఒకరిద్దరు మగవారు ఉంటే సరిపోతుంది. అన్ని వాడల నుంచీ మనుషులు ఉండాలి; ఒక వాడ వారే ముందు కూర్చుంటే మిగతావారు దానిని తమ పైకి వచ్చిన తీర్పుగా తీసుకుంటారు. విన్న విషయం బయట చెప్పేవారిని, ఎంత పలుకుబడి ఉన్నవారైనా సరే, బృందంలోకి తీసుకోకండి.

3. మొదటి సమావేశం ఏడు కారణాలతో జరపండి

ఈ అడుగుకు ఎక్కువ సమయం ఇవ్వాలి. ఆడవారితో విడిగా, పొదుపు సంఘం సమావేశం జరిగే చోటే, ఎవరూ తొంగిచూడని వేళలో కూర్చోండి. పైన చెప్పిన ఏడు కారణాలను ఒక్కొక్కటిగా చదివి, సబబు అనుకుంటే ఒక గింజ, కాదనుకుంటే ఒక రాయి గుడ్డ కప్పిన గిన్నెలో వేయమనండి. ఎవరు ఏమి వేశారో ఎవరికీ తెలియదు కాబట్టి మనసులోని మాట బయటపడుతుంది. ఫలితం చూపించాక ఎవరినీ తప్పుపట్టకుండా ప్రశ్నలు మాత్రమే అడగండి. కూరలో ఉప్పు ఎక్కువైనందుకు హోటల్‌లో వంటవాడిని ఆయన కొడతాడా? చెప్పకుండా బయటికి వెళ్లిన మగవాడికి ఎవరు శిక్ష వేస్తారు? కోపం ఆపుకోలేక కొట్టానన్న మనిషి, అదే కోపాన్ని తనకు కూలి ఎగ్గొట్టిన ఆసామి ముందు ఎలా ఆపుకుంటున్నాడు? ఈ మూడవ ప్రశ్న దగ్గర సాధారణంగా చర్చ మలుపు తిరుగుతుంది. కొట్టడం అదుపు తప్పడం కాదని, ఎవరిని కొడితే తనకేమీ కాదో తెలిసి చేసే పని అని వారే గుర్తిస్తారు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎవరినీ తమ సొంత అనుభవం చెప్పమని సభలో అడగకూడదు. ఉత్సాహం కొద్దీ చెప్పినా, ఆ మాట ఇల్లు చేరితే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే.

4. మగవారితోనూ యువకులతోనూ వేరుగా మాట్లాడండి

ఆడవారికి మాత్రమే అవగాహన కల్పించడమంటే హింసను ఆపే భారం కూడా వారి మీదే వేయడం. మగవారి సమావేశాన్ని మగవారే నడిపితే మంచిది. తెల్లవారినప్పటి నుంచి నిద్రపోయేదాకా ఇంట్లో ఎవరు ఏ గంటకు ఏ పని చేశారో గీతలు గీయించండి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఇంటి పనిలో పాలుపంచుకునే మగవారు వెచ్చించేది 97 నిమిషాలే. అయితే ఈ అంకె చదివి వినిపించడం కంటే తమ ఇంటి గీతలను తామే చూసుకోవడం బాగా పనిచేస్తుంది. బడిలో పై తరగతుల మగపిల్లలతో వెంటపడి వేధించడం గురించి, ఫొటోలు పంచుకోవడం గురించి దాపరికం లేకుండా మాట్లాడాలి.

5. డబ్బు, ఆస్తి ప్రస్తావన తప్పించకండి

సమానత్వం మాటల దగ్గరే ఆగిపోయేది ఇక్కడే. సంఘం అప్పు ఆమె పేరున వస్తుంది, ఖర్చు ఆయన చేతిలో ఉంటుంది. తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఇల్లూ భూమీ రెండూ లేని మహిళల్లో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు ఎదుర్కొనగా, రెండూ ఉన్నవారిలో అది 7 శాతమే. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు కల్పించిన రాష్ట్రం మనది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అయినా పసుపు కుంకుమల పేరు చెప్పి వాటా వదులుకోమనే వాడుక పోలేదు. ఇంటి పట్టాలో ఆమె పేరు చేర్చడం, బ్యాంకు ఖాతా ఆమె తానే నడపడం వంటి పనులకు ఒక సమావేశం పూర్తిగా కేటాయించండి.

మద్యం ప్రస్తావన కూడా వస్తుంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలే సారా దుకాణానికి ఎదురు నిలిచారు, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదువు, చర్చ ఎంతదూరం తీసుకెళ్లగలవో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. కానీ తాగుడే హింసకు మూలమని తేల్చేయకండి. తాగని ఇళ్లలోనూ దెబ్బలున్నాయి.

6. చట్టాన్ని ఇప్పుడు చెప్పండి

2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం భార్యకే కాక తల్లికి, అక్కచెల్లెళ్లకు, సహజీవనంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుందని, ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకు ఉంటుందని, తిట్లు, డబ్బు ఇవ్వకపోవడం కూడా హింస కిందికే వస్తాయని వివరించండి. ఇరుగుపొరుగు వారు సదుద్దేశంతో రక్షణ అధికారికి సమాచారం ఇస్తే వారిపై ఏ కేసూ ఉండదన్న సంగతి చాలామందికి తెలియదు. దీనిని మరీ నొక్కి చెప్పాలి.

ఆమె కోరకుండా పెద్దమనుషుల పంచాయితీ పెట్టించకండి. అక్కడ కుదిరే రాజీ తరచుగా ఆమె సర్దుకుపోవడం దగ్గరే ముగుస్తుంది. కేసు పెట్టాలా, పుట్టింటికి వెళ్లాలా, కొంతకాలం ఆగాలా అన్నది ఆమే తేల్చుకోవాలి. మీరు దారులు చూపి, ఆమె ఎంచుకున్న దారిలో తోడు వెళ్లండి.

7. ఏడాది తర్వాత మళ్లీ గింజలు, రాళ్లు వేయించి మొదటి ఫలితంతో పోల్చండి

ఉగాండా రాజధాని కంపాలాలో ఆడవారిపై హింసను ఆపేందుకు చేపట్టిన సాసా అనే కార్యక్రమం దాదాపు మూడేళ్లు సాగాక, అది జరిగిన వాడల్లో ఏడాది కాలంలో భార్యలపై శారీరక హింస, అది జరగని వాడలతో పోలిస్తే 52 శాతం తక్కువగా నమోదైంది. కాబట్టి ఒక్క సభతో, ఒక్క ర్యాలీతో లెక్క తేల్చకుండా నెలకొక సమావేశం చొప్పున కొనసాగించండి. మధ్యలో ఫిర్యాదుల సంఖ్య పెరిగితే ఊరి పరువు పోయిందని కొందరు అంటారు. అంతకుముందు చెప్పుకోలేనివారు ఇప్పుడు చెప్పుకోగలుగుతున్నారని పంచాయతీ సమావేశంలోనే వివరించి, ఆ సంఖ్యను పేర్లు లేకుండా నమోదు చేస్తూ వెళ్లండి.