రోహిణి కార్తెలో బోర్ల దగ్గరికి వెళ్లే కొత్త ఇంజినీర్లకు

కాలుష్యం శుభ్రం చేసే కంపెనీలో మే నెలలో చేరారంటే, ముందుగా చేతికొచ్చే పని చాలావరకు వానలకు ముందు బోర్ల నీళ్ల శాంపిల్స్ తీయడమే. ఇప్పుడు తీసిపెట్టుకుంటేనే వానల తర్వాత నవంబరులో వచ్చే లెక్కలతో పోల్చుకోగలం. అందుకే ఎండ ఎంత కొట్టినా పని వాయిదా పడదు. మన నల్గొండలోనేమో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు.

నా మొదటి మే నెలలో, రసాయనాలు కలిసిన మట్టి దగ్గర ఒంటినిండా కవరాల్ వేసుకుని పది గంటలకు పని మొదలుపెట్టాను. పన్నెండు దాటాక రెండు సీసాల మీద ఒకే నంబరు రాశాను. నాకు తెలియనే లేదు. డ్రైవరన్న చూసి, చెయ్యి పట్టి వేపచెట్టు కిందికి లాక్కెళ్లాడు. ఎండదెబ్బ ముందు బుర్రనే పట్టుకుంటుంది, కాళ్లు తర్వాత. లేబుళ్లు రాత్రే రూములో రాసిపెట్టుకోండి. అయిదున్నరకు సైట్‌లో ఉండి పదిన్నరకల్లా ముగించండి. కవరాల్ వేసుకుంటే ఇరవై నిమిషాలకోసారి నీడకు రావాల్సిందే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి దగ్గర ఉంచుకోండి. తోటివాడి మాట తడబడితే పని ఆపేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.

రైతుల బోర్ల దగ్గర ఆటో స్టార్టర్‌తో జాగ్రత్త. కరెంటు లేదు కదా అని తీగల మీద చెయ్యి వేస్తే, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. రైతుతోనే ఆఫ్ చేయించి, ఫ్యూజులు పీకించి మీ చేతిలో పెట్టుకోండి. స్టార్టర్ డబ్బా మీరు తెరవొద్దు. తొలకరి పడ్డాకైతే ఆ డబ్బాల్లో, పైపుల కుప్పల్లో పాములు చేరతాయి. కట్టెతో తట్టి చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

శాంపిల్‌కు ముందు బావిలో నిలిచిన నీటికి మూడింతలు తోడెయ్యాలని పుస్తకాల్లో చదివే ఉంటారు. నీళ్లు పరీక్షించడానికే వేసే రెండంగుళాల పరిశీలన బావికి అది సరే, మీటరు లోతుకు రెండు లీటర్లే. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21 లీటర్లు. అరవై మీటర్ల నీళ్లుంటే మూడింతలంటే దాదాపు 3,850 లీటర్లు! మే నెలలో రైతు నీళ్లు అలా పారబోయడం నాకు మనసొప్పదు. అయిదు నిమిషాలకోసారి పీహెచ్, కండక్టివిటీ (నీళ్లలో లవణాలెంతో తెలిపే కొలత) చూడండి, వరుసగా మూడుసార్లు నిలకడగా ఉంటే శాంపిల్ పట్టండి. రోజూ పారించే బోరే అయితే ఆ నీళ్లను బత్తాయి పాదులకే మళ్లించమనండి. కలుషితమైందని అనుమానమున్న బావి నీళ్లు మాత్రం డ్రమ్ముల్లోకే పోవాలి.

ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా వాడాలి, గాజుది పనికిరాదు. లోహాల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే సీసాల్లో కొన్నిసార్లు నైట్రిక్ ఆమ్లం ముందే పోసి ఉంటుంది. వాటిని కడగొద్దు. ఎండకు లోపల ఆవిరి పట్టి ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని, మొహానికి దూరంగా పెట్టి మూత తిప్పండి.

మురుగునీళ్లు నిలిచే మూత సంపుల విషయం గట్టిగా చెప్పాలి. నన్నొక సీనియర్ "రెండు నిమిషాల పనే, దిగి పట్టుకురా" అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. నిచ్చెన మీద కాలు పెట్టాను కూడా. అక్కడ పనిచేసే పెద్దాయన నా భుజం పట్టుకుని "దిగకు సారూ, నిరుటి సంది మూత తీయలే" అన్నాడు. ఆ మాట వల్లే ఈ రోజు బతికుండి ఇది రాస్తున్నాను. కుళ్లిన గుడ్డు వాసన ఉన్నట్టుండి తగ్గితే గ్యాస్ పోయిందనుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముందు ముక్కే మొద్దుబారుతుంది. సీసాకు తాడు కట్టి పైనుంచే పట్టండి. ఆక్సిజన్ 19.5 శాతం లోపుంటే శిక్షణ ఉన్నవాళ్లు కూడా దిగరు. లోపల ఎవరైనా పడిపోతే వెనకే దూకొద్దు, చాలా ప్రమాదాల్లో రెండో ప్రాణం అలాగే పోతుంది. ఉద్యోగంలో చేరి వారమే అయినా "నేను దిగను" అనే హక్కు మీకుంది.

ఫ్లోరైడ్ సమస్య ఉన్న మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్తే శాంపిల్ పడుతుండగానే ఎవరో ఒక అమ్మమ్మ వచ్చి "ఈ నీళ్లు తాగొచ్చా బిడ్డా? కాగబెట్టుకుంటే మంచిదేనా?" అని అడుగుతుంది. చూసి చెప్పలేం, ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు. మరిగిస్తే పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడమని చెప్పండి. భయపెట్టొద్దు, ఏం కాదనీ అనొద్దు. రిపోర్టు రాగానే చెప్తామంటే సరిపోదు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, ఫోన్ చేయాల్సిన తేదీ ఫీల్డ్ బుక్‌లో ఆ బోరు పక్కనే రాసుకోండి.