స్టేషన్ పిల్లకాయలకు ఒంటి గురించి చెప్పేటప్పుడు

ముందు వాళ్ల కడుపులో ఇంత పడనీయండి. నెల్లూరు స్టేషన్ చుట్టూ బాటిళ్లు ఏరే పిల్లకాయలు సాయంత్రానికి అలిసిపోయి వస్తారు. ఆకలి మీద మన మాట చెవికెక్కదు. ఇడ్లీ పెట్టి, ఆ రోజు ఎంత వచ్చిందో కనుక్కుని, అప్పుడు మొదలుపెట్టండి. ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాక నేను ఈ పనిలోకి వచ్చాను. మాతో కొత్తగా చేరేవాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నా.

మగపిల్లలను వదిలేయకండి. ఇట్లాంటి పాఠం అనగానే ఆడపిల్లలను మాత్రమే కూర్చోబెడతారు. ప్లాట్‌ఫాం మీద పడుకునే మగపిల్లాడికి ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే.

పాత ఫ్లెక్సీ తిరగేసి పరిచి, బొగ్గుతో మనిషి బొమ్మ గీయించండి. బాటిల్ మూతలు వాళ్ల సంచుల్లోనే ఉంటాయి. ఎవరూ చెయ్యి వేయకూడని చోట మూత పెట్టమనండి. నవ్వుతారు, ఒకర్నొకరు తోసుకుంటారు, నవ్వనీయండి. ఒకసారి ఒక పిల్లాడు మూత తీసుకెళ్లి బొమ్మ నోటి మీద పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. "బాగా పెట్టావయ్యా" అని, ఆ చోటు కూడా కలిపి అందరికీ చెప్పాను. అందరి ముందూ పిల్లాణ్ని గుచ్చి గుచ్చి అడగకూడదు. తర్వాత విడిగా, కానీ నలుగురికీ కనిపించే చోటే కూర్చుని వినాలి.

ఈ మాట మాత్రం ప్రతిసారీ చెప్పండి: "ఎవడైనా బిర్యానీ పెట్టించినా, డబ్బులిచ్చినా నీ ఒంటి మీద వాడికి హక్కు రాదు. తప్పు నీది కాదు." చాలామంది పిల్లలు తీసుకున్నాం కాబట్టి చెప్పుకోకూడదు అనుకుంటారు. వాళ్ల నోరు కట్టేసేది అదే.

"మా ఫ్రెండ్‌కి ఉచ్చ పోసేటప్పుడు మంటగా ఉందంట అక్కా" అంటే, ఆ ఫ్రెండ్‌కే జవాబు చెప్పండి. మంట, పుండు, చీము ఉంటే సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చూస్తారు, మందులు మధ్యలో ఆపకూడదు అని. గజ్జల్లో దురదకు మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొని రాస్తుంటారు. స్టెరాయిడ్ కలిసినవి తామరను ఇంకా ముదరబెడతాయి. గొంతు మారడం, నిద్రలో వీర్యం పడి బట్టలు తడవడం జబ్బు కాదని చెబితే చాలు, సగం టెన్షన్ పోతుంది. ఆడపిల్లలకు నెలసరి గురించి ఒక ఆడమనిషి విడిగా చెప్పాలి. ప్యాడ్లతో పాటు బట్ట మార్చుకునే చోటు కూడా చూపించండి, అదే వాళ్లకు దొరకనిది.

పిల్లాడు నోరు విప్పి జరిగింది చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, తెలిసీ దాచడం నేరం. ఆ సంగతి పిల్లాడికి ముందే మెల్లగా చెప్పండి. అన్నది అన్నట్టు అతని మాటల్లోనే రాసిపెట్టుకోండి, పదే పదే చెప్పించకండి. ఈమధ్యే జరిగితే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. అత్యవసర వైద్యానికి పోలీసు కాగితం తెమ్మని ఆసుపత్రి అడగకూడదు. స్టేట్‌మెంట్ తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఈ రెండూ అక్కడ గట్టిగా గుర్తుచేయండి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటికి రావాలి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. చదువు రాని పిల్లలకు పాటలా పాడించండి, తర్వాత ఫోన్ చేతికిచ్చి వాళ్ల వేలితోనే నొక్కించండి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల జనం వస్తారు, కొత్త పిల్లలూ దిగుతారు. పండుగకు వారం ముందే ఇంకోసారి కూర్చోబెట్టండి.