రిపీటర్ పాఠాలు – 4: పవర్ తగ్గించి బ్యాటరీ మీద నడపడం

పోయిన పాఠంలో డూప్లెక్సర్ (ఒకే యాంటెనాతో వినడం, పంపడం రెండూ చేయనిచ్చే ఫిల్టర్) ట్యూనింగ్ చేసేశాం కదా, ఈసారి మన రేడియో రిపీటర్, అంటే బలహీనమైన సిగ్నల్‌ని విని అప్పటికప్పుడే ఎక్కువ పవర్‌తో మళ్లీ పంపే సెట్, కరెంటు పోయినప్పుడు ఎలా నడవాలన్న సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్‌ని కొట్టినప్పుడు కరెంటూ పోయింది, సెల్‌ఫోన్లూ పోయాయి. అలాంటి రోజు కోసమే రిపీటర్ పెట్టుకుంటాం, మరి ఆ రోజే అది మూగబోతే ఇంత కష్టపడి పెట్టింది ఎందుకు?

ముందు లెక్క చూద్దాం. మన రిపీటర్ 50 వాట్లు ఇస్తోంది, ట్రాన్స్‌మిట్‌లో 11 ఆంపియర్లు లాగుతోంది, ఊరికే వింటూ ఉన్నప్పుడు 1 ఆంపియర్ అనుకోండి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లు ఇంటూ గంటలు) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి, అంతకన్నా లోతుకి దించుతూ పోతే బ్యాటరీ ఆయుష్షు పోతుంది, అంటే చేతిలో ఉన్నది 50 ఏహెచ్. తుఫాను రోజు ట్రాఫిక్ ఎక్కువ కాబట్టి సగం టైం ట్రాన్స్‌మిట్‌లోనే ఉంటుంది, సగటు 6 ఆంపియర్లు, 8 గంటల్లో ఖతం. అదే 12.5 వాట్లకి దించితే ట్రాన్స్‌మిట్‌లో 4.5 ఆంపియర్లు లాగిందనుకుందాం, సగటు 2.75, అంటే 18 గంటలు. పవర్ నాలుగో వంతు అయింది కదా అని కరెంటు కూడా నాలుగో వంతు అవ్వదు, ఇది గుర్తుపెట్టుకోండి, అందుకే మీ రిగ్ (రేడియో సెట్) ఎంత లాగుతుందో డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి మీరే కొలవాలి.

మరి రేంజ్ పడిపోదా అంటారా? 50 నుంచి 12.5 అంటే 6 డీబీ (డెసిబెల్, పవర్ ఎన్ని రెట్లు మారిందో చెప్పే కొలత), లెక్క ప్రకారం ఎస్ మీటర్ (అందుకున్న సిగ్నల్ బలం చూపేది) మీద ఒక్క గీత. అవతల మనిషి చేతిలో ఉన్నది 5 వాట్ల హ్యాండీ (చేతి వాకీటాకీ), అంచున ఉన్నవాళ్లకి మన రిపీటర్ బాగానే వినిపిస్తుంది, వాళ్ల మాటే మనకి సరిగ్గా అందదు. 12.5కి దించినా మనం వాళ్లకన్నా 4 డీబీ పైనే ఉన్నాం. పైగా పవర్ తగ్గితే మన ట్రాన్స్‌మిటర్ హోరుకి మన రిసీవర్‌కే వచ్చే చెవుడు, అదే డీసెన్స్, ఉంటే అది కూడా కొంచెం తగ్గుతుంది.

ఇక చేతిపని. యాంటెనా తీసేసి డమ్మీ లోడ్ (పవర్‌ని గాల్లోకి పంపకుండా వేడిగా మార్చేసే ఉత్తుత్తి యాంటెనా) పెట్టండి, మధ్యలో వాట్‌మీటర్. లోడ్ లేకుండా పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కొద్దు, ఫైనల్స్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) కాలిపోవచ్చు. పవర్ ట్రిమ్మర్‌ని (పవర్ సర్దే చిన్న స్క్రూ) కొద్దికొద్దిగా తిప్పుతూ మీటర్ చూడండి, కంపెనీ చెప్పిన కనీస పవర్ కన్నా కిందకి మాత్రం లాగొద్దు, కొన్ని యాంప్లిఫయర్లు అక్కడ అదుపు తప్పి పక్క ఫ్రీక్వెన్సీల్లో చెత్త పంపిస్తాయి. సెట్ చేశాక యాంటెనా పెట్టి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ఒకసారి చూసుకోండి.

బ్యాటరీ వైపు, ఫ్యూజు ప్లస్ టెర్మినల్‌కి ఆనుకునే ఉండాలి, రిగ్ దగ్గర కాదు. ఫ్లోట్, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిండుగా ఉంచే చార్జింగ్ వోల్టేజ్, 13.5 నుంచి 13.8 వోల్టులు. లోడ్ మీద 11.5 దగ్గర కట్ అయ్యే లో వోల్టేజ్ కటాఫ్ తప్పనిసరి, అది లేక ఒక మంచి బ్యాటరీని ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే.

ఇంకోటి, చాలామంది పట్టించుకోరు, టెయిల్. మాట ఆగాక క్యారియర్ 5 సెకన్లు నిలబడుతుంటే, మైకు వదిలిన ప్రతిసారీ ఆ 5 సెకన్లు బ్యాటరీ ఖర్చే. బ్యాటరీ మీదకి మారగానే దాన్ని 1 సెకను చేసేలా కంట్రోలర్‌లో పెట్టండి.

వచ్చే పాఠం లోపు ఒక ఆదివారం మెయిన్స్ స్విచ్ ఆపేసి నిజంగా ఎన్ని గంటలు నడిచిందో, గంటగంటకీ వోల్టేజ్ ఎంతుందో రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకునే సోలార్ ప్యానెల్ సైజు లెక్క మొదలుపెడదాం.