డచ్‌లో దినచర్య రాస్తే క్రియ దగ్గరే ఎర్ర గీతలా?

ఒప్‌స్తాన్ (లేవడం) విడిపోతుందని, ఒప్ వాక్యం చివరికి పోతుందని మీకు తెలుసు. "ఇక్ స్తా ఒమ్ జేవెన్ యూర్ ఒప్" (నేను ఏడింటికి లేస్తాను) అని తప్పు లేకుండా రాస్తారు. అదే ఇన్‌బుర్గరింగ్ (నెదర్లాండ్స్‌లో స్థిరపడటానికి వచ్చినవాళ్లు రాసేది) రాత పరీక్షకు దినచర్య రాయమంటే మాత్రం గల్లంతవుతుంది. అందరూ ఒప్‌ను పట్టుకుని వెతుకుతారు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. ముందు వాక్యం ఏ మాటతో మొదలైందో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడనిది అదే.

సమస్య: "ఒమ్ జేవెన్ యూర్ ఇక్ స్తా ఒప్."
కారణం: మనకు "ఏడింటికి నేను లేస్తాను" అని టైమ్‌తో మొదలుపెట్టడం అలవాటు. డచ్‌లో టైమ్ ముందుకొస్తే వెంటనే క్రియ రావాలి, ఆ తర్వాతే ఇక్ (నేను). ఒమ్ జేవెన్ యూర్ మూడు మాటలైనా ఒకే స్థానం కింద లెక్క.
పరిష్కారం: "ఒమ్ జేవెన్ యూర్ స్తా ఇక్ ఒప్." దార్నా (ఆ తర్వాత) కూడా అంతే: "దార్నా ద్రింక్ ఇక్ కొఫీ." ఎన్ (మరియు), మార్ (కానీ), వంత్ (ఎందుకంటే) మాత్రం మొదటి స్థానంగా లెక్కలోకి రావు.

సమస్య: ఇవన్నీ సరిచేసుకున్నా ఇంకా తప్పులే.
అసలు దొంగ ఇక్కడున్నాడు. "అల్స్ ఇక్ తౌస్‌కొమ్, ఇక్ రౌమ్ ద కోకెన్ ఒప్." ఇంటికి రాగానే వంటిల్లు సర్దుతాను అని చెప్పాలని. కామాకు అటు భాగం తప్పు లేదు. ఇటు భాగం విడిగా చదివితే అదీ కరెక్టే. అందుకే ఎంతసేపు చూసినా కంటికి ఆనదు. అల్స్‌తో మొదలైన భాగం మొత్తం కలిసి మొదటి స్థానంలో కూర్చుంది. కాబట్టి కామా దాటగానే క్రియ రావాలి: "అల్స్ ఇక్ తౌస్‌కొమ్, రౌమ్ ఇక్ ద కోకెన్ ఒప్." కామాకు అటూ ఇటూ రెండు క్రియలు ఆనుకుని కనిపిస్తే కంగారుపడి విడదీయకండి, అలాగే ఉండాలి.

అనుమానమొస్తే అల్స్ భాగమంతా తీసేసి అక్కడ దాన్ (అప్పుడు) పెట్టి చూడండి. "దాన్ ఇక్ రౌమ్" అని రాయరు కదా!

ఇంకో మెలిక: అల్స్ భాగం లోపల క్రియ చివరికి పోతుంది, విడిపోయిన ముక్క తిరిగి అతుక్కుంటుంది. "అల్స్ ఇక్ కొమ్ తౌస్" తప్పు. క్రియ చివర్లో ఉండటం మనకు కొత్తేమీ కాదు, అయినా ఇక్కడే మర్చిపోతాం. నాదత్ (తర్వాత), వోర్‌దత్ (ముందు), ఒమ్‌దత్ (ఎందుకంటే)లకూ ఇదే పద్ధతి. రెండు మెలికలూ ఒకే వాక్యంలో: "వోర్‌దత్ ఇక్ ద కిండరెన్ వెఖ్‌బ్రెంగ్, మాక్ ఇక్ హెత్ ఒంత్‌బైత్ క్లార్." పిల్లల్ని దింపే ముందు టిఫిన్ రెడీ చేస్తాను. మొదటి భాగంలో వెఖ్ అతుక్కునే ఉంది, రెండో భాగంలో క్లార్ విడిపోయింది.

సమస్య: "ఇక్ మూత్ స్తాన్ వ్రూఖ్ ఒప్."
మూత్ (తప్పదు), విల్ (కావాలి), కాన్ (చేయగలను) వచ్చాయంటే అసలు క్రియ విడిపోకుండా మొత్తంగా చివరికి: "ఇక్ మూత్ వ్రూఖ్ ఒప్‌స్తాన్." (నేను త్వరగా లేవాలి.)

మిగతావి అరుదు. ఒంత్‌బైతెన్ (టిఫిన్ తినడం) విడిపోదు. బె, వెర్, ఒంత్‌లతో మొదలయ్యేవి అసలు విడదీయొద్దు. ఒత్తి పలికే చోటును బట్టి ఒకసారి విడిపోయి ఒకసారి విడిపోని వోర్‌కోమెన్ (జరగడం లేదా జరగకుండా ఆపడం) లాంటివి దినచర్యలో దాదాపు రావు, ప్రస్తుతానికి వదిలేయండి.